రాగి తేలిన చోట

"అది మనది కాదు," అని అత్తగారు నాలుగోసారి అంది.

భోజనాల బల్ల మీద పరిచిన పాత తువ్వాలులో మామగారి సిరాస్టాండు ఉంది. జానెడు పొడవు పళ్లెం, నాలుగు పొట్టి కాళ్లు, కలాలు ఆనించుకోవడానికి ముందొక గాడి, వెనకొక గాడి. పళ్లెం మీద రెండు గాజు బుడ్లు. వాటి మధ్య, మూత మీద కొవ్వొత్తి గుచ్చుకునే గొట్టం ఉన్న చిన్న డబ్బా. మామగారు పోయి ఆరేళ్లయినా అది ఆయన బీరువా మీదే, నల్లగా, ఎవరి జోలికీ పోకుండా ఉండిపోయింది.

ఇప్పుడు తళతళలాడుతోంది. మెరిసినంత మేరా బాగానే ఉంది. కాని అంచుల వెంట, కాళ్ల చివర్ల దగ్గర, ముందు వైపు సరిగ్గా నడిమధ్య ఎర్రగా తేలింది.

పెద్దకోడలి వేళ్ల సందులు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"నేను తోమడమే తప్పయిపోయింది," అంది గొణుగుతున్నట్టు. "ఆదివారం అందరూ చూస్తారు, నల్లగా ఉంటే ఏం బాగుంటుందని రెండు గంటలు కూర్చుని రుద్దాను. రుద్దేకొద్దీ ఎర్రబడింది. భయపడి ఇంకా గట్టిగా రుద్దాను."

"నిన్నెవరూ ఏమీ అనలేదు," అన్నాడు పెద్దకొడుకు.

అదే చిక్కు. ఆమెను అనకపోతే ఇంకొకళ్లను అనాలి. ఆ ఇంకొకళ్లు బల్లకు ఇవతలి వైపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చిన్నకోడలు.

ఆదివారంతో దస్తావేజుల ఆఫీసుకు నూరేళ్లు నిండుతాయి. మామగారు అక్కడ ముప్పయ్యేళ్లు నకలు గుమాస్తాగా పనిచేశాడు. చిరిగిపోతున్న పాత రిజిస్టర్లను చూసి ఆయన తిరగరాసిన పదకొండు రిజిస్టర్లు ఇప్పటికీ అక్కడి అద్దాల బీరువాలో ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు వాటిని తీసి, రాత అంటే ఇలా ఉండాలి అని చూపిస్తారు. అదే ఆఫీసులో పెద్దకొడుకు ఇప్పుడు సూపరింటెండెంటు. ఆ రిజిస్టర్ల పక్కన నాన్నగారి వెండి సిరాస్టాండును కూడా పెడదామని మాటిచ్చి వచ్చింది అతనే.

"అది గట్టి వెండి," అంది అత్తగారు. "ఇది రాగి. ఎవరో మార్చేశారు. మూడు నెలల కిందట మూత ఊడిందని ఎవరు పట్టుకెళ్లారు?"

"నేనే అత్తయ్యా. మా కొట్టు వీధిలో పూతల మేస్త్రి ఉన్నాడు కదా, ఆయనకిచ్చాను. పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చేశాను."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరి దగ్గరుంది?"

"ఆయన దగ్గరే."

"నువ్వు పక్కనే కూర్చున్నావా?"

"నాకూ పని ఉంటుంది కదా అత్తయ్యా."

"నేనూ అదే అంటున్నాను."

చిన్నకోడలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదలుపెట్టే పని. ఈ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. ఇన్నాళ్లలో ఎవరూ ఆమె చేతిని అనుమానించలేదు. రైలు గార్డుగా ఎక్కడో తిరుగుతున్న భర్తకు పొద్దున ఫోన్ చేస్తే, "నేనొచ్చాక చూద్దాంలే" అన్నాడు. ఆ మాట ఎవరి పక్షమో ఆమెకు అంతుపట్టలేదు.

"మార్చారో లేదో తరవాత తేల్చుకుందాం," అన్నాడు పెద్దకొడుకు. "ముందు మళ్లీ వెండి పూత వేయిద్దాం. శుక్రవారానికల్లా నా చేతికొస్తే చాలు."

"నాదో కాదో తెలియని దానికి పూత ఎందుకురా?" అత్తగారు లేచి నిలబడింది. "నేనూ వస్తాను. ఆ మేస్త్రి మొహం చూసి అడుగుతాను."

ఆవిడ గడప దాటి బజారుకు వెళ్లి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. చెప్పులు వెతకడానికే పావుగంట పట్టింది.

* * *

పూతల మేస్త్రి కొట్టు రెండు గదులు. వెనక గదిలో తొట్లు, వాటిలోకి వేలాడే తీగలు, ముక్కుకు పుల్లగా తగిలే వాసన. ముందు గదిలో ఒక బల్ల, వంచితే వంగే దీపం. మేస్త్రికి అరవై దాటాయి. కనుబొమలు మాత్రం తొంభై ఏళ్లవాడివిలా తెల్లగా, గుబురుగా ఉన్నాయి.

"ఏమయ్యా, నా వెండిదేది?" అంది అత్తగారు గుమ్మంలోంచే.

"ముందు కూర్చోండి పెద్దమ్మగారూ. కూర్చుంటే తిట్టడానికైనా ఓపిక మిగులుతుంది."

ఆవిడ కూర్చుంది. చిన్నకోడలు తువ్వాలు విప్పింది. మేస్త్రి సిరాస్టాండును రెండు చేతులతో ఎత్తి దీపం కిందికి తెచ్చాడు.

"ఎవరు తోమారు దీన్ని?"

"మా పెద్దకోడలు."

"దేంతో?"

"ఏదో పొడి," అంది చిన్నకోడలు. "స్నానాల గదిలో పలకలు తోమేది."

మేస్త్రి, దగ్గరివాళ్లు పోయిన వార్త విన్నట్టు కళ్లు మూసుకుని తెరిచాడు.

"మూడు నెలల కింద నా దగ్గరికొచ్చింది ఇదే. ఈ కాలు లోపలికి కొంచెం వంకర తిరిగి ఉంటుంది, నాకు గుర్తు. ఇది గట్టి వెండి కాదు పెద్దమ్మగారూ. ఎప్పుడూ కాదు. అలాగని నేను వేసే పూతా కాదు."

"మరేమిటి?"

"రాగి దిమ్మ మీద వెండి రేకు పెట్టి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకునేదాకా కొలిమిలో కాల్చేవాళ్లు. అప్పుడు దాన్ని పల్చగా సాగదీసి, ఆ రేకుతో వస్తువు చేసేవాళ్లు. నేనైతే వస్తువు తయారయ్యాక కరెంటు తొట్లో ముంచుతాను. వాళ్లది కాపురం, నాది సున్నం వెయ్యడం. ఇది కరెంటు పూతలు రాకముందు పని. నూట డెబ్బై, నూట ఎనభై ఏళ్లయినా ఉంటుంది."

"మాటలు ఎన్నయినా చెప్పొచ్చు. నేనెలా నమ్మాలి?"

"మీ గోరుతో నమ్మండి." ఆయన పళ్లేన్ని కొంచెం వంచి ఆవిడ ముందు పెట్టాడు. "అంచు అడుగున గోరు పెట్టి లోపలికి లాగండి."

అత్తగారు అనుమానంగా చూపుడువేలి గోరు పెట్టి లాగింది. ఒకచోట గోరు టక్కున ఆగింది. ఇంకోవైపు లాగింది. అక్కడా ఆగింది.

"రేకు కోసినచోట మధ్యలో రాగి గీత కనిపిస్తుంది కదా. అది దాచడానికి వెండి తీగ తెచ్చి అంచు మీదుగా కిందికి మడిచేవాళ్లు. ఆ మడత దగ్గరే ఆగింది మీ గోరు. నా పూతైతే నున్నగా జారిపోతుంది. ఈ రోజుల్లో ఒకళ్లను మోసం చెయ్యడానికి ఇంత కష్టపడేవాడు ఎవడున్నాడు?"

పళ్లేన్ని బోర్లించాడు. అడుగు భాగం వెండిలా లేదు, బూడిదరంగులో మందంగా ఉంది.

"ఇది తగరం. ఎవరూ చూడని చోట వెండి ఎందుకని."

"పిసినారులు," అంది అత్తగారు.

"ఏ ముద్రలూ లేవేమిటి?" అని అడిగింది చిన్నకోడలు. ఆమె తన సంచిలోంచి కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం తీసింది. కోపంతో వచ్చిన మనిషి కోపం ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టుంది.

"అక్షరాలు కొట్టిన ముద్రలు చాలామటుకు తరవాత వచ్చిన పూత సామాను మీద ఉంటాయమ్మా. వాటిని చూసి వెండి ముద్రలని మోసపోయేవాళ్లే ఎక్కువ. నీకు అద్దం ఉంది కాబట్టి గాజుబుడ్డి మెడ దగ్గరి పట్టీ చూడు."

ఆమె చూసింది. సూదిమొనతో గీసినట్టు సన్నటి 'మూడు' అంకె. మూత లోపల కూడా అదే అంకె. రెండో బుడ్డికి, దాని మూతకు 'నాలుగు'.

"ఏ మూత ఏ బుడ్డిదో కలిసిపోకుండా చేసినవాడు గీసుకున్న గుర్తులు," అన్నాడు మేస్త్రి. "ఇన్నేళ్లయినా విడిపోలేదు."

"ఈ చిల్లుల మూత బుడ్డి దేనికి?" అంది చిన్నకోడలు. "మా బావగారు చిన్నప్పుడు ఉప్పుబుడ్డి అనుకుని నాకి చూశారట."

మేస్త్రి నవ్వాడు. "సిరా ఆరడానికమ్మా. రాసిన కాగితం మీద సన్నటి పొడి చల్లేవాళ్లు. మధ్య డబ్బాలో లక్క ముక్కలు. మూత మీద కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి, ఉత్తరం మీద ముద్ర వేసేవాళ్లు. బల్ల మీంచి లేవకుండా మొత్తం పని అయిపోయేది. పొడి కూడా పారేసేవాళ్లు కాదు, కాగితం మడిచి మళ్లీ బుడ్డిలోకి పోసుకునేవాళ్లు."

"మడిస్తే గీత పడుతుంది," అంది అత్తగారు. "మడవకూడదు, వంచాలి. అదీ చివరి వరుస ఆరాక."

మేస్త్రి తల ఎత్తాడు. చిన్నకోడలు కూడా చూసింది. అత్తగారు సరుకుల చీటీ కూడా ఇంకొకళ్ల చేత రాయించే మనిషి. కళ్లు ఆనవంటుంది, వేళ్లు వంగవంటుంది. ఈ ఇంట్లో ఆవిడ రాయగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"ఎవరో చెప్పగా విన్నాన్లే."

మేస్త్రి మళ్లీ సిరాస్టాండును నిలబెట్టి, ముందు వైపు నడిమధ్యనున్న ఎర్రమచ్చ మీద బొటనవేలు ఆడించాడు.

"నాకు అర్థం కానిది ఇదొక్కటే. అంచులు అరగడం మామూలు, కాళ్లు అరగడం మామూలు. ఎక్కడ చేతులు తగులుతాయో, ఎక్కడ బల్లకు రాసుకుంటుందో అక్కడే ముందు రాగి తేలుతుంది. ఇది చదును. ఇక్కడ ఏదీ తగలదు. మీ పెద్దకోడలు ఎంత బలంగా రుద్దినా రెండు గంటల్లో ఇంత పోదు. ఎప్పుడో ఎవరో ఇక్కడ వెండి అరగదీశారు. అదీ కావాలని."

"ఎందుకు అరగదీస్తారు?" అంది చిన్నకోడలు.

"ఏదైనా ఉంటే తీసెయ్యడానికి."

ఆయన వంగి, అద్దం తుడిచేముందు ఊదినట్టు ఆ మచ్చ మీద నోటి ఆవిరి ఊదాడు. లోహం మసకబడింది. ఆ మసకలో సన్నటి గీతలు ఒక్క క్షణం తేలి, ఆవిరితోపాటే ఆరిపోయాయి.

"చూశావా?"

"ఇంకోసారి ఊదండి," అంది చిన్నకోడలు భూతద్దం కంటికి పెట్టుకుని.

ఆయన ఊదాడు. దీపాన్ని పక్కనుంచి పడేలా వంచాడు.

"మొ... 'మొద'... తరవాతది 'టి' అనుకుంటా."

"చాలు," అంది అత్తగారు. "పూత వేసెయ్యి మేస్త్రీ. ఆదివారానికి కావాలి."

"అరగంట పని. వెయ్యమంటే వేస్తాను," అన్నాడు మేస్త్రి నిదానంగా. "వేశాక ఇది కూడా నా సున్నంలో కలిసిపోతుంది. మిగిలిన ఈ కాస్త గీతలు ఇక ఎవరూ చదవలేరు. పాత వెండి కాంతి కూడా పోతుంది. తరవాత మీరొచ్చి తీసెయ్యమన్నా నావల్ల కాదు."

"వెయ్యమన్నానుగా."

"ఒక్కసారి అత్తయ్యా," అంటూ చిన్నకోడలు తనే వంగి ఊదింది. "పై వరుసలో... 'తిరాతకు'. దానికి ముందు 'చే'. చే-తి-రా..."

"అందమైన చేతిరాతకు మొదటి బహుమతి," అంది అత్తగారు.

ఆవిడ సిరాస్టాండు వైపు చూడటం లేదు. ఎదురుగా గోడకు వేలాడుతున్న తీగచుట్టను చూస్తోంది.

"బాలికల హైస్కూలు, పదో తరగతి. కింద నా పేరు."

వెనక గదిలో తొట్టి దగ్గర ఏదో సన్నగా గుయ్యిమంటోంది. అంతకుముందునుంచీ అంటూనే ఉండాలి, ఇప్పుడే వినపడింది. మేస్త్రి, ఏదో చూసి రావాలన్నట్టు లేచి అటు వెళ్లిపోయాడు.

"ఇది మామయ్యగారిది కాదా?"

"మా పెద్ద టీచరమ్మది. వాళ్ల తాతగారి నుంచి ఆవిడకొచ్చిందట. రిటైరయ్యే ఏడు నాకిచ్చింది. వెండిది, జాగ్రత్త అంది. పాపం, ఆవిడకూ తెలీదు కాబోలు."

"మరి చెరిపిందెవరు? మామయ్యగారా?"

"ఆయన్నేమీ అనకు. నేనే చెరిపించాను."

* * *

పూత వేయించకుండానే బయటికొచ్చారు. బస్సు స్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. అత్తగారు ఎక్కుదామనలేదు, చిన్నకోడలు అడగలేదు.

"నిన్ను దొంగ అన్నాను," అంది అత్తగారు చివరికి.

"ఆ మాట అనలేదులెండి."

"మాట ఒక్కటే తక్కువ. నాకు ఇంట్లో వస్తువులు బోలెడు పోయాయి అమ్మాయ్, దేనికీ ఇంత గోల చెయ్యలేదు. అది మారిపోయిందనుకునేసరికి ఒళ్లు తెలీలేదు. తప్పు చేశాను."

చిన్నకోడలు ఒళ్లో ఉన్న మూటను సర్దుకుంది. పొద్దున్నుంచీ ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట. తీరా వచ్చాక దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఎందుకు చెరిపించారు?"

"పెళ్లయిన ఎనిమిదో ఏడు మీ మామయ్యగారికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. కలం పట్టుకుంటేనే వణుకు. మొదట్లో తక్కిన పనులకు లేదు. నకలు గుమాస్తాకు చెయ్యి పోతే ఇంకేముంటుంది? నెల రోజులు నాక్కూడా చెప్పలేదు. ఒకరోజు ఇంటికి తెచ్చుకున్న కాగితాలు బల్ల మీద పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంటే, ఇలా తెండి అని లాక్కుని రాశాను."

"ఎన్ని పేజీలు?"

"పేజీలేమిటి. పదకొండు రిజిస్టర్లు."

చిన్నకోడలు తిరిగి చూసింది. అత్తగారి మొహంలో గొప్ప చెప్పుకుంటున్న జాడ లేదు. ఇన్ని శేర్లు బియ్యం ఏరాను అన్నట్టే అంది.

"ఇంటి దగ్గరైతే ప్రశాంతంగా రాసుకుంటానని అడిగి తెచ్చుకునేవారు. పొద్దున వెళ్లేముందు అర్థం కాని మాటలన్నీ చదివి చెప్పేవారు. పిల్లలు బడికెళ్లాక నేను తలుపు గడియపెట్టి రాసేదాన్ని. సాయంత్రం వచ్చి మాట మాటా సరిచూసేవారు. తొమ్మిదేళ్లు. ఒకనాడు వాళ్ల పెద్దాఫీసరు చెప్పకుండా ఇంటికొచ్చాడు. మీ ఆయన రాత చూస్తే కడుపు నిండుతుందమ్మా అంటూ ఈ సిరాస్టాండు దగ్గరే కూర్చున్నాడు. మీద నా పేరు, అందమైన చేతిరాత. నేను తడిగుడ్డ తెచ్చి తుడుస్తున్నట్టు దాని మీద వేసేశాను. ఆయన వెళ్లేదాకా అలాగే తుడుస్తూ నిలబడ్డాను. మర్నాడు నేనే పట్టుకెళ్లి అరగదీయించాను. అప్పుడు రాగి తేలలేదు, అందుకే ఇన్నాళ్లూ గట్టి వెండనే అనుకున్నాను."

"మామయ్యగారు ఏమన్నారు?"

"చూసి, ఆ పూట అన్నం తినలేదు."

మూడో బస్సు వచ్చింది.

"నేనెవరికీ చెప్పను అత్తయ్యా. అది మనదేనని మేస్త్రి తేల్చాడంటే చాలు."

"నడుమ ఎందుకు అరిగిందని అడగడూ వాడు? అదే ఆఫీసులో సూపరింటెండెంటు." అత్తగారు లేచి, కోడలి భుజం పట్టుకుని మెట్టెక్కింది. "పద. అబద్ధం చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడు మళ్లీ అలవాటు చేసుకోలేను."

* * *

పెద్దకొడుకు మొత్తం నిలబడే విన్నాడు.

"నాన్న చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు.

"మీరు చూడకూడదనే జేబులో పెట్టుకునేవారు."

పెద్దకోడలు నెమ్మదిగా గోడ మీది ఫొటో వైపు చూసింది. అందులో మామగారు కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, సినిమావాళ్లలా ఒక కాలు ముందుకు వేసి నిలబడి ఉన్నాడు. ఆయన ప్రతి ఫొటోలోనూ అంతే. అది ఆయన దర్జా అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు.

"నా ప్రోగ్రెసు కార్డుల మీద సంతకాలు?"

"ఆయనలాగా నేనే పెట్టేదాన్ని. నీకు లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చినప్పుడు కూడా ఏమీ అనకుండా పెట్టాను."

అతనికి నవ్వు రాలేదు. లోపలికి వెళ్లి తెల్లకాగితం, కలం తెచ్చి తల్లి ముందు పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి, ప్రదర్శన కోసం తీసుకున్న రిజిస్టరు పేజీ ఫొటో తెరిచాడు.

"రాయమ్మా."

"నన్ను పరీక్ష చేస్తున్నావా?"

"అవును," అన్నాడతను. గొంతు మాత్రం అడుక్కుంటున్నట్టుంది.

ఆవిడ కలం పట్టుకుంది. మొదటి అక్షరం గుడ్డిగా, వంకరగా వచ్చింది. రెండోదీ అంతే. ఆవిడ ఆగి, కాగితాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పుకుని, మోచెయ్యి బల్ల మీద ఆనించి మళ్లీ మొదలుపెట్టింది. వరుస సగానికి వచ్చేసరికి అక్షరాలు కుదురుకున్నాయి. గుండ్రంగా, ఒకే ఎత్తున, ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ. ప్రతి తలకట్టు చివరా పైకి చిన్న విసురు.

చిన్నకోడలు భూతద్దం తీయలేదు. అక్కర్లేదు. ఫోన్‌లో పేజీ నిండా అదే విసురు.

పెద్దకొడుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన తొలిరోజు ఆ రిజిస్టర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. ఆ రాత రావాలని చిన్నప్పుడు రెండు నోటుపుస్తకాలు నింపి, చేతకాక మానేసిన మనిషి.

"నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాడు. "నేను నాన్నను అడిగేవాణ్ణి, అక్షరం ఎలా తిప్పాలని. ఆయన, అమ్మనడుగు అనేవారు. నేను వేళాకోళం అనుకున్నాను."

అత్తగారు రాసిన కాగితాన్ని అతని వైపు జరిపింది.

"ఆదివారం అక్కడ ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి," అంది పెద్దకోడలు.

"చెబితే నాన్న పేరు ఏమవుతుంది?"

"ఏమీ కాదు," అంది అత్తగారు. "ఆ పాత రిజిస్టర్లలో అక్షరం విడగొట్టి చదవడం నావల్ల అయ్యేది కాదు. చెదలు తిన్నచోట కూడా ఆయన చదివేవారు. చదివింది ఆయన, రాసింది నేను. ఒకరు లేకపోతే రెండోవాళ్లు ఎందుకూ పనికిరారు. చెప్పేటప్పుడు అలా చెప్పు, సగం చెప్పకు."

అతను కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తరవాత దాన్ని మడవబోయి, మడవకుండా చొక్కా జేబుకు ఆనించి పట్టుకున్నాడు.

"నువ్వు కూడా రావాలమ్మా. అందరి ముందూ చెబుతాను."

"వస్తాను. కాని అందరూ రాకముందే రావాలి. శనివారం నన్నొక్కదాన్ని తీసుకెళ్లు. ఆ రిజిస్టర్లు ఇంట్లోంచి వెళ్లాక నేను మళ్లీ చూడలేదు."

"తప్పకుండా. బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి. పదకొండూ తీసి బల్ల మీద పెడతాను."

"పదకొండూ వద్దు. ఏడోది చాలు."

"ఏడోదే ఎందుకు?"

అత్తగారు కలానికి మూత పెట్టింది. ఆ చిన్న పనికి ఆవిడ చాలాసేపు తీసుకుంది.

"అందులో ఒక పేజీ మీ నాన్న సరిచూడలేదు. ఆయనకు జ్వరం వచ్చిన రోజు. ఆ పేజీలో ఒక మాట నేను మార్చి రాశాను. అది అలాగే ఉందో, ఎవరైనా దిద్దారో చూసుకోవాలి."

"తప్పు పడిందా?"

"తప్పు పడలేదు. మార్చి రాశానన్నాను."

పెద్దకొడుకు మొహంలోంచి కొడుకు తప్పుకున్నాడు. సూపరింటెండెంటు మిగిలాడు.

"అమ్మా, పాతవి పాడైపోయాయి. ఇప్పుడు కోర్టులో చెల్లేది ఆ నకళ్లే. వాటిలో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరి ఇల్లో ఇంకొకరిది అయిపోతుంది. అది నీకు తెలుసా?"

"తెలుసు," అంది అత్తగారు. "తెలిసే మార్చాను."